మెల్లని చోటు వినబడాలంటే: ఓవర్చర్ రికార్డింగులపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాశ్చాత్య ఆర్కెస్ట్రా ఓవర్చర్లు ఎలా వినాలి, ఏ రికార్డింగు ఎంచుకోవాలి అని హైదరాబాద్, సికింద్రాబాద్ పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. 19వ శతాబ్దపు రొమాంటిక్ కాలానికే పరిమితమయ్యాం.

ప్రశ్న: మా ఇంట్లో అందరికీ కర్ణాటక సంగీతమే అలవాటు. ఓవర్చర్ మన వర్ణం లాంటిదని ఒకరు చెప్పారు. నిజమేనా? మొదట ఏది వినాలి? వినేటప్పుడు దేన్ని పట్టుకోవాలి? – తార్నాక పాఠకురాలు

జవాబు: కచేరీలో ముందు వచ్చేది అన్నంతవరకే ఆ పోలిక కుదురుతుంది. ఓవర్చర్ మొదట్లో ఒపెరాకు (పాటలతో నడిచే నాటకానికి) తెర లేవకముందు వాయించేది. వేబర్ 'డెర్ ఫ్రైషుట్స్' (బెర్లిన్, 1821) ఆ రకం. తర్వాత ఏ నాటకానికీ సంబంధం లేకుండా కచేరీ కోసమే రాసినవి వచ్చాయి. మెండెల్సన్ 'హెబ్రిడీస్' ఆ రెండో రకం. 1829లో స్కాట్లండ్ పశ్చిమ తీరంలోని దీవులు చూసి వచ్చాక మొదలుపెట్టి, దిద్ది దిద్ది, 1832లో లండన్‌లో వినిపించాడు. 'ఫింగల్స్ కేవ్' అన్నా ఇదే. దీనితోనే మొదలుపెట్టండి. పది నిమిషాలే ఉంటుంది, కర్ణాటక చెవికి త్వరగా తెరుచుకుంటుంది.

మొదటి వరసలోనే వయోలాలు, చెల్లోలు (వయొలిన్ కన్నా లోతుగా పలికే తీగవాద్యాలు), బసూన్లు (లోతైన గాలివాద్యాలు) చిన్న పలుకు ఒకటి వాయిస్తాయి. పాశ్చాత్య స్వరాలకు ఎ నుంచి జి దాకా అక్షరాలే పేర్లు; షార్ప్ అంటే అర మెట్టు పైన, ఫ్లాట్ అంటే అర మెట్టు కింద. బి స్వరాన్ని షడ్జమం అనుకుంటే అది పా గరిగ సా, ఆపై మంద్ర పంచమం. గాంధారం సాధారణం, రిషభం చతుశ్రుతి. ఇంతే వస్తువు. తర్వాతి పది నిమిషాలు దాదాపుగా దీని మీదే నడుస్తాయి. అదే పలుకు వెంటనే డి మీద, ఆపై ఎఫ్ షార్ప్ మీద తిరిగి వస్తుంది. అక్కడే మీ చెవికి మొదటి ఇబ్బంది ఎదురవుతుంది. మన సంగీతంలో ఆధార షడ్జమం కచేరీ అంతా కదలదు. ఇక్కడ ఆధారమే కదులుతుంది, ఆ కదలికలోనే కథ ఉంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి. శ్రుతిపెట్టెను బి మీద పెట్టి, చాలా మెల్లగా మోగనిచ్చి రికార్డింగు వినండి. మొదటి నిమిషంన్నర సుమారుగా కలిసే ఉంటుంది. చెల్లోలు, బసూన్లు కింది నుంచి పైకి లేస్తూ విశాలమైన రెండో పాట ఎత్తుకున్నప్పుడు మీ శ్రుతి గుచ్చుకోవడం మొదలవుతుంది. షడ్జమం డికి మారిన చోటు అదే. స్థూలంగా చెప్పాలంటే నఠభైరవిలో గాంధారాన్ని షడ్జమం చేసుకుంటే శంకరాభరణం వస్తుంది కదా, మెండెల్సన్ చేసింది ఆ గ్రహభేదమే. చివరికి ఇదే పాటను రెండు క్లారినెట్లు, ఈసారి బి మీద, చాలా నెమ్మదిగా వాయిస్తాయి. శ్రుతిపెట్టె మళ్ళీ కలుస్తుంది. అంత నెమ్మదిగా ఎందుకు వాయించారో అప్పుడు చెవికే తెలుస్తుంది. రెండోసారి శ్రుతిపెట్టె లేకుండా వినండి.

'ఫ్రైషుట్స్' రెండో మెట్టు. ముందు తీగవాద్యాలు ఒకే స్వరాన్ని మెల్లగా ఉబ్బిస్తాయి. తర్వాత నాలుగు హార్న్‌లు (ఇత్తడి గాలివాద్యాలు) అడవి పాటలాంటిది వాయిస్తాయి. అప్పటి హార్న్‌లకు స్వరం మార్చే వాల్వులు లేవు, ఒక్కో వాద్యంలో కొన్ని స్వరాలే పలికేవి. అందుకే వేబర్ రెండిటిని ఎఫ్‌లో, రెండిటిని సిలో రాసి, ఒకరికి లేని స్వరం మరొకరి చేత పలికించాడు. ఆ ప్రశాంతతను చెరుపుతూ తీగల వణుకు, కింద టింపనీ (పెద్ద డ్రమ్ముల) దెబ్బలు వస్తాయి. ఒపెరాలో అది సామియేల్ అనే దుష్టశక్తికి గుర్తు. ఆపై వేగం. సి మైనర్‌లో (సి షడ్జమంగా నఠభైరవి లాంటిది) తుఫాను, దాని మీద ఇ ఫ్లాట్‌లో క్లారినెట్ పాట. మళ్ళీ అదే గాంధార గ్రహభేదం. చివర్లో సంగీతం కుంగిపోయి, ఆగిపోయి, ఒక నిశ్శబ్దం. దాని వెనకే మొత్తం ఆర్కెస్ట్రా సి మేజర్‌లో బద్దలవుతుంది. ఈసారి షడ్జమం కదల్లేదు, అదే సి మీద నఠభైరవి పోయి శంకరాభరణం వచ్చింది. కార్లోస్ క్లైబర్ 1973లో డ్రెస్డెన్ స్టాట్స్‌కపెల్లెతో మొత్తం ఒపెరా రికార్డు చేశాడు. ఓవర్చర్ వరకు వినాలన్నా మేం ముందు దాన్నే చెబుతాం. ఆ నిశ్శబ్దానికి ముందు మెల్లదనాన్ని ఆయన ఎక్కడా తొందరపెట్టడు.

ఈ రెండూ చెవికెక్కాక మెండెల్సన్ 17 ఏళ్ళకు రాసిన 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' (1826), బెర్లియోజ్ 'రోమన్ కార్నివాల్' (1844), గ్లింకా 'రుస్లాన్' (1842) వినవచ్చు. వాగ్నర్, చైకోవ్‌స్కీ నిడివి ఎక్కువ. వాటికి తొందర లేదు.

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఫ్లాట్‌లో ఉంటాం. ఏ ఓవర్చర్ పెట్టినా మొదటి రెండు నిమిషాలు ఏమీ వినబడదు. సౌండు పెంచుతాం. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు మోగుతుంది, పక్కవాళ్ళు తలుపు కొడతారు. సినిమా పాటలకు ఈ బాధ లేదు. స్పీకర్లు మార్చాలా? – మియాపూర్ పాఠకుడు

జవాబు: స్పీకర్లు మార్చకండి. లోపం గదిలోనూ, సెట్టింగుల్లోనూ ఉంది. ఉత్తరాల్లో ఎక్కువగా వచ్చినదీ ఇదే కాబట్టి వివరంగా చెబుతున్నాం.

సినిమా పాటను మిక్సింగులోనే నొక్కి, అతి మెల్లని చోటుకూ అతి గట్టి చోటుకూ తేడా తగ్గించేస్తారు. ఆర్కెస్ట్రా రికార్డింగులో ఆ తేడా 45, 50 డెసిబెల్స్ దాకా ఉంటుంది. మీరు కూర్చున్న చోట గట్టి భాగం 85 డెసిబెల్స్ మోగితే, మెల్లని తీగలు 35, 40 దగ్గర ఉంటాయి. సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంలో తిరుగుతుంటే గది చప్పుడే దాదాపు 50. అంటే మెల్లని భాగం ఫ్యాన్ కింద మునిగిపోయింది. అది వినబడాలని మీరు 10, 15 డెసిబెల్స్ పెంచారు. గట్టి భాగం 95 దాటింది. పక్కవాళ్ళు వచ్చారు.

కాబట్టి ముందు గదిని నిశ్శబ్దం చేయండి. వింటున్న పావుగంటా ఫ్యాన్ ఆపండి. వేసవిలో కష్టమే. గదిని ముందే ఏసీతో చల్లబరచుకుని, వినేటప్పుడు ఏసీ కూడా ఆపేయవచ్చు. రోడ్డు వైపు కిటికీలు మూయండి. తెల్లవారుజామున ఐదున్నరకు వింటే సగం పని అయిపోయినట్టే. ఏడు దాటితే స్కూలు బస్సుల హారన్లు మొదలవుతాయి.

తర్వాత వాల్యూమ్. అందరూ మొదటి స్వరం విని పెడతారు, అక్కడే తప్పు జరుగుతుంది. 'ఫ్రైషుట్స్' అయితే ముందు చివరి నిమిషానికి జరిపి, ఆ సి మేజర్ భాగం మీకూ పక్కింటికీ భరించగలిగేలా పెట్టండి. ఇప్పుడు మొదటికి వచ్చి మొదలుపెట్టండి. ఇక నాబ్ ముట్టుకోవద్దు. మొదలు వినబడకపోతే ఇంకా ఏదో చప్పుడు చేస్తోందని అర్థం, దాన్ని వెతకండి. ఫ్రిజ్ కావచ్చు, ఇన్వర్టర్ ఫ్యాన్ కావచ్చు.

స్పీకర్ల దగ్గరికి జరగడం ఖర్చు లేని మందు. పది అడుగుల నుంచి ఐదు అడుగులకు వస్తే మీకు నేరుగా చేరే ధ్వని 6 డెసిబెల్స్ వరకు పెరుగుతుంది, పక్కింటికి పెరగదు. స్పీకర్ మూలలో ఉంటే బయటికి లాగండి. గోడకు కనీసం అడుగున్నర దూరం ఉండాలి. మూల బేస్‌ను ఉబ్బిస్తుంది, శ్లాబు గుండా పక్క ఫ్లాటుకు ముందు చేరేది ఆ బేసే. స్పీకర్ కింద మందపాటి రబ్బరు ముక్కలు నాలుగు పెట్టండి.

ఇక ఫోన్. స్పాటిఫైలో 'నార్మలైజ్ వాల్యూమ్' అనే సెట్టింగు ఉంటుంది. దాని స్థాయి 'లౌడ్' మీద ఉంటే లిమిటర్ పనిచేసి గట్టి చోట్లను నలిపేస్తుంది. ఆపేయండి, లేదా 'క్వయట్' మీద పెట్టండి. ఈక్వలైజర్, బేస్ బూస్ట్ తీసేయండి. క్రాస్‌ఫేడ్ ఉంటే ఒక ఓవర్చర్ ఆఖరి స్వరం మీదికి తర్వాతి ట్రాకు ఎక్కుతుంది, అదీ ఆపండి. టీవీ సౌండ్‌బార్‌లో 'నైట్ మోడ్' ఉంటే అది మెల్లని చోటును పెంచి, గట్టి చోటును తగ్గిస్తుంది. ఇంట్లో పసిపిల్లలు పడుకున్నప్పుడు తప్పదు గానీ, అలవాటుగా వాడవద్దు. ఓవర్చర్ రాసినవాడు మోసుకొచ్చిన బరువంతా ఆ తేడాలోనే ఉంది. దాన్ని నొక్కేస్తే 'ఫ్రైషుట్స్' చివరి మలుపు ఒక మామూలు ముగింపు అయిపోతుంది.

రాత్రి పదిన్నర దాటాక చెవిని మూసే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ వాడండి. అక్కడా ముందు గట్టి చోటు పెట్టుకునే పద్ధతే.

ప్రశ్న: యాప్‌లో 'టాన్‌హాయిజర్ ఓవర్చర్' వెతికితే ఒకటి 14 నిమిషాలు, ఇంకొకటి 22 నిమిషాలు. 'విలియం టెల్' ఒకచోట 12, ఒకచోట 3. ఏది అసలైనది? – మలక్‌పేట పాఠకుడు

జవాబు: 14 నిమిషాలది వాగ్నర్ 1845లో డ్రెస్డెన్‌లో వినిపించిన ఓవర్చర్. యాత్రికుల పాటతో మొదలై, వేగమైన మధ్యభాగం దాటి, అదే పాట ట్రాంబోన్‌లతో తిరిగొచ్చి ముగుస్తుంది. 1861లో పారిస్ ప్రదర్శనకు వాగ్నర్ ఒక పెద్ద నాట్యభాగం రాశాడు. ఓవర్చర్‌ను ఆ నాట్యంలోకి కలిపి వాయించేవే ఆ 22 నిమిషాలవి. పేరులో 'వీనస్‌బర్గ్ మ్యూజిక్' అనో 'బకనాల్' అనో ఉంటుంది. అందులో యాత్రికుల పాట ముగింపుగా తిరిగి రాదు. రెండూ వాగ్నర్‌వే, కానీ ముందు 14 నిమిషాలది వినండి.

రోసినీ 'విలియం టెల్' (పారిస్, 1829) మొత్తం 12 నిమిషాలు. అందులో నాలుగు భాగాలు ఉన్నాయి. అందరికీ తెలిసిన గుర్రాల పరుగు చివరి మూడు నిమిషాలే. అది ఒక్కటే కోసి సంకలనాల్లో పెడతారు. దాన్ని విని వదిలేస్తే ఐదుగురు సోలో చెల్లో వాద్యకారులు ఎత్తుకునే ఆరంభం, ఇంగ్లిష్ హార్న్, ఫ్లూట్‌ల సంవాదం రెండూ పోగొట్టుకున్నట్టే. ఫ్రిట్జ్ రైనర్ 1958లో షికాగో సింఫనీతో రికార్డు చేసిన రోసినీ ఓవర్చర్లు ఇవాళ్టికీ నిలిచేవి. వేగం ఉన్నచోట కూడా ఒక్క స్వరం మసకబారదు.

ఇద్దరి కృతులకు ఒకేలాంటి పేర్లు ఉండటంతోనూ తికమక వస్తుంది. 'కార్నివాల్' ఓవర్చర్ ద్వోర్‌జాక్‌ది (1891), 'రోమన్ కార్నివాల్' బెర్లియోజ్‌ది. ఒకే కృతికి రెండు మూడు రూపాలు ఉండటం ఇంకో సంగతి. చైకోవ్‌స్కీ 'రోమియో అండ్ జూలియట్'ను 1869లో రాసి, రెండుసార్లు మార్చాడు. అందరూ వాయించేది 1880 నాటి మూడో రూపం, దాదాపు 20 నిమిషాలు. '1869 వెర్షన్' అని ఉంటే దాని ఆరంభమే వేరు. వెతికేటప్పుడు కంపోజర్ ఇంటిపేరు, ఓపస్ (కృతి) సంఖ్య, కండక్టర్ పేరు మూడూ కొట్టండి.

ప్రశ్న: నాన్నగారి ఎల్పీలు అటక మీద నుంచి దించాం. కొన్నిటి మీద తెల్లటి బూజు చుక్కలు. కొన్ని రష్యన్ అక్షరాలతో ఉన్నాయి. బూజు లేనివి కూడా ప్రతి ఓవర్చర్ చివరికి వచ్చేసరికి గరగరమంటూ చీలిపోతున్నాయి, మొదలు బాగానే ఉంటుంది. – చిక్కడపల్లి పాఠకురాలు

జవాబు: చివర్లో చీలడం ముందు చూద్దాం. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. వెలుపలి అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు నడిస్తే, లేబుల్ దగ్గర సుమారు 21 మాత్రమే. అదే సంగీతాన్ని సగం కన్నా తక్కువ పొడవులో ఇరికించాలి కాబట్టి అలలు బిగుసుకుపోతాయి, సూది వాటిని అనుసరించలేక తడబడుతుంది. ఓవర్చర్లకు ఇది శాపం. అన్నిటికన్నా గట్టిగా మోగే చోటు సరిగ్గా చివర, లోపలి గాడిలో వస్తుంది.

అన్ని రికార్డులూ లోపలికి వచ్చేకొద్దీ చీలుతున్నాయా, ఒకటి రెండేనా? ఒకటి రెండే అయితే ఆ గాడులు పాడయ్యాయి. పాత బరువైన పికప్‌లతో వాయించినవి అలాగే ఉంటాయి, వాటికి వైద్యం లేదు. అన్నీ చీలుతుంటే తప్పు ప్లేయర్‌ది. సూది మొనకు దుమ్ము ఉండ కట్టిందేమో చూసి, మెత్తని బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవండి. తర్వాత సూది బరువు. చిన్న డిజిటల్ త్రాసుతో తూచండి. కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకునే భాగం) తయారీదారు 1.5 నుంచి 2 గ్రాములు అని చెబితే 1.8కీ 2కీ మధ్య పెట్టండి. రికార్డు అరుగుతుందని బరువు తగ్గిస్తారు చాలామంది. నిజానికి తేలికైన సూది గాడిలో ఎగిరి పడుతూ గోడలను కోస్తుంది. ఆపై కార్ట్రిడ్జ్ కోణం. ఎలైన్‌మెంట్ ప్రొట్రాక్టర్‌ను (కోణం సరిచూసే గీతల పటాన్ని) కాగితం మీద అచ్చు తీసి, దాని మీద లేబుల్ వైపు ఉన్న బిందువు దగ్గర గీతకు సరిగ్గా సమాంతరంగా ఉండేలా బిగించండి. ప్రింట్ తీసేటప్పుడు స్కేల్ 100 శాతం ఉండాలి, లేకపోతే కొలత తప్పుతుంది. ఇవన్నీ సరిచేసినా కొద్దిగా మిగిలితే, గుండ్రని మొన సూది తీసి ఎలిప్టికల్ మొనది వేయించండి.

బూజుకు: పొడిగా తుడవవద్దు, గాడిలోకి ఇంకా దూరుతుంది. 300 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 100 మిల్లీలీటర్ల 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపండి. కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో సర్క్యూట్ బోర్డులు తుడిచే ద్రవం అని అడగండి, సీసా మీద పేరు, శాతం చదివి కొనండి. బోరు నీళ్ళు మాత్రం వద్దు. మన ఊరి బోరు నీటిలో సున్నం ఎక్కువ, ఆరాక గాడిలో తెల్లని పొర మిగిలి టపటపలు పెరుగుతాయి. లేబుల్ తడవకుండా, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, వెంటనే వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడవండి. నీడలో నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వండి. లోపలి కాగితపు కవర్లు పారేసి కొత్తవి వేయండి, బూజు విత్తనం అందులోనే ఉంటుంది. ఒక హెచ్చరిక: పాత 78 ఆర్పీఎం లక్క రికార్డులకు ఈ ద్రవం తగిలించవద్దు, ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది.

మళ్ళీ అటక మీద పెట్టకండి. ఏప్రిల్, మే వేడికి పైకప్పు కింద రికార్డులు వంగిపోతాయి. పడమటి గోడకు దూరంగా, నిటారుగా, ఒరగకుండా నిలబెట్టండి.

రష్యన్ అక్షరాలవి సోవియట్ మెలోదియా సంస్థవి. లేబుల్ మీద 33 పక్కన ఇంటి ఆకారంలో ఉన్న అక్షరం 'డి', అంటే మోనో. అర్ధచంద్రంలా ఉన్నది 'ఎస్', అంటే స్టీరియో. తయారీ ప్రమాణం ముద్రలో 5289 తర్వాత 61, 68, 73 లాంటి అంకె ఉంటుంది. అది ఆ ప్రమాణం వచ్చిన సంవత్సరం, రికార్డు అంతకు ముందు అచ్చైనది కాదు. వాటిలో గ్లింకా 'రుస్లాన్' ఓవర్చర్ మ్రావిన్‌స్కీ, లెనిన్‌గ్రాద్ ఫిల్హార్మోనిక్‌ది కనబడితే ముందు దాన్నే శుభ్రం చేయండి. ఐదు నిమిషాల లోపే ముగిసే ఆ వేగంలో తీగవాద్యాలు మొత్తం ఒక్క విల్లుతో వాయించినట్టు కలిసి ఉంటాయి. ముగింపుకు కొద్దిగా ముందు ట్రాంబోన్‌లు, బేస్ వాద్యాలు అన్నీ సమాన దూరంలో ఉన్న ఆరు మెట్ల స్వరవరసను దిగుతాయి, గమనించండి.

ప్రశ్న: '1812' ఓవర్చర్‌లో ఫిరంగుల వల్ల స్పీకర్లు పోతాయా? – ఉప్పల్ పాఠకుడు

జవాబు: పోవచ్చు. చైకోవ్‌స్కీ (1880) 16 ఫిరంగి దెబ్బలు రాశాడు, అన్నీ చివరి నిమిషాల్లోనే. ఆంటల్ డొరాటి మినియాపొలిస్ ఆర్కెస్ట్రాతో చేసిన 1958 స్టీరియో రికార్డులో ఫిరంగులను, గంటలను విడిగా రికార్డు చేసి కలిపారు, అవి అంత ప్రమాదం కాదు. ఎరిక్ కుంజెల్ సిన్సినాటి ఆర్కెస్ట్రాతో టెలార్క్ కంపెనీకి 1978లో చేసిన డిజిటల్ రికార్డింగు వేరు. స్పీకర్లు దెబ్బతినవచ్చని ఆ రికార్డు మీదే హెచ్చరిక అచ్చు వేశారు. ఎల్పీలో అయితే ఫిరంగి చోట సూది గాడి నుంచి ఎగిరిపోవచ్చు. ముందు ఫిరంగుల భాగం ఒక్కటే మీ మామూలు వాల్యూమ్‌లో మూడో వంతుతో విని, స్పీకర్ కోన్ విపరీతంగా ముందుకు వెనక్కు కొట్టుకోవడం లేదని చూసి, కొద్దికొద్దిగా పెంచండి. 'టప్' మని ఎండు చప్పుడు వస్తే ఆ క్షణమే తగ్గించండి. చిన్న యాంప్లిఫయర్‌ను పూర్తిగా తిప్పి వాయిస్తే అది క్లిప్ అయి (ధ్వని అలల కొనలు తెగి) ముందు ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) కాలిపోతుంది. ఇలాంటి కృతికి చిన్న యాంప్‌తోనే ఎక్కువ జాగ్రత్త పడాలి.

ప్రశ్న: వయొలిన్ నేర్చుకుంటున్నాను, స్టాఫ్ నొటేషన్ చదవగలను. స్కోరు చూస్తూ వినాలని ఉంది. ఎక్కడ దొరుకుతాయి? హార్న్‌లు, క్లారినెట్ల వరసలు వినబడేదానికి సరిపోవడం లేదేమిటి? – మారేడ్‌పల్లి విద్యార్థిని

జవాబు: ఈ కృతులన్నిటి స్కోర్లూ ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉన్నాయి. 'ఫుల్ స్కోర్' (అన్ని వాద్యాల వరసలూ ఒకచోట ఉన్నది) దించుకోండి, 'పార్ట్స్' (ఒక్కో వాద్యానికి విడి కాగితాలు) కాదు. సరిపోకపోవడం అచ్చు తప్పు కాదు. ఎఫ్ హార్న్‌కు రాసిన స్వరం కన్నా ఐదో మెట్టు కింద పలుకుతుంది, సి రాసి ఉంటే ఎఫ్ వినబడుతుంది. ఎ క్లారినెట్ ఒకటిన్నర స్వరం కింద. 'హెబ్రిడీస్' స్కోరులో క్లారినెట్లు ఎలోనే ఉన్నాయి, ఆ చివరి యుగళం చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మొదటిసారి మొదటి వయొలిన్ వరస ఒక్కటే వేలితో అనుసరించండి. రెండోసారి చెల్లోలు. 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' స్కోరు తెరిస్తే నాలుగు గాలివాద్య స్వరగుచ్ఛాల తర్వాత వయొలిన్లు నాలుగు వరసలుగా చీలి, మెల్లగా పరుగెడుతుంటాయి. అక్కడ ఏ వరస మీ చేతికి అందుతుందో నెమ్మదిగా వాయించి చూడండి. మూడు, నాలుగు వరసలు మొదటి రెండిటికన్నా కింది స్థాయిలో ఉంటాయి, అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. స్కోరులో 'ఒఫిక్లైడ్' అని ఒక పాత ఇత్తడి వాద్యం కనబడుతుంది. ఇప్పుడు ఆ వరసను ఎక్కువగా ట్యూబాతో వాయిస్తారు, నాటకంలో గాడిదతల వచ్చిన పాత్రకు గుర్తుగా గాడిద ఓండ్ర వచ్చే చోట అది గట్టిగా వినబడుతుంది.